తోడుపిండి ఉంటే చాలు

టెక్కలి పక్కనున్న మా రావివలసలో కూడా ఇప్పుడు అట్లపిండి పొట్లాల్లో దొరుకుతోంది. పొద్దున్నే పిల్లల్ని బడికి తోలాల్సిన తల్లికి అది ఎంత ఆసరానో నాకు తెలుసు. ఆ పొట్లాన్ని నేను తప్పుపట్టను. నా బెంగ వేరు. పిండి ఎందుకు పొంగుతుందో, దాన్ని పొంగించేది ఎవరో తెలియకుండానే కొత్త కాపురాలు మొదలవుతున్నాయి. పొంగాలంటే ఈస్టు కొనాలంటారు కొందరు, సోడా వెయ్యాలంటారు ఇంకొందరు. హైస్కూల్లో ఏళ్ల తరబడి జీవశాస్త్రం చెప్పినదాన్ని. రోజూ వంటింట్లో జరిగే ఇంత పెద్ద పాఠాన్ని చెప్పకుండా ఊరుకోలేను.

అమెరికాలో, యూరప్‌లో ఇప్పుడు సోర్‌డో మీద మోజు పెరిగింది. పిండి, నీళ్లు కలిపి నాలుగైదు రోజులు పులియబెడతారు. తర్వాత దానికి రోజూ కాస్త కొత్తపిండి తినిపిస్తూ ఏళ్ల తరబడి బతికించుకుంటారు. దాన్ని స్టార్టర్ అంటారు. రొట్టె కాల్చాలన్నా, పాన్‌కేకులు పోయాలన్నా అందులోంచి కొంత తీసి కొత్తపిండిలో కలుపుతారు. పాలు తోడుపెట్టడం తెలిసిన మనకు ఇందులో కొత్తేమీ లేదు. నిన్నటి పెరుగు చెంచాడు ఇవాళ్టి పాలలో పడ్డట్టే, నిన్నటి పిండి గరిటెడు ఇవాళ్టి పిండిలో పడుతుంది. అందుకే మా ఇంట్లో దాన్ని తోడుపిండి అంటాం. మాది చోడిపిండితో, అంటే రాగిపిండితో చేసిన తోడు. దాంతో పోసే పుల్లట్ల గురించే ఈ వ్యాసం.

మన ఇళ్లలో ఎప్పుడూ ఉన్నదే

పుల్లట్టుకి మన వాళ్లు బియ్యాన్ని పుల్లమజ్జిగలో నానబెట్టేవారు. మజ్జిగలోని బ్యాక్టీరియాయే అక్కడ తోడు. రుబ్బిన గిన్నె అడుగున మిగిలిన పిండిని కడగకుండా మర్నాటి పిండి అందులోనే పోసే ఇళ్లూ ఉండేవి. ఇక తరవాణి కుండ సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. వార్చిన గంజి, అన్నం మెతుకులు, నీళ్లు పోసి ఒక మూల ఉంచేవారు. ఆ పుల్లటి నీళ్లు వాడుకున్నంత వాడుకుని, రోజూ కొత్తగా గంజి పోస్తూ, కుండను మాత్రం ఖాళీ కానిచ్చేవారు కాదు. సోర్‌డో స్టార్టర్‌ని సాకే పద్ధతి కూడా సరిగ్గా ఇదే. మా శ్రీకాకుళం జిల్లాకు ఆనుకుని ఉన్న ఒడిశాలో పఖాళ అనే చద్దన్నం మీది పుల్లనీళ్లను తొరాణి అంటారు. పూరీ జగన్నాథుడి ప్రసాదాల్లో కూడా తొరాణికి చోటుంది.

మా అత్తగారు చదువుకోలేదు గానీ తరవాణి కుండను కన్నబిడ్డలా చూసుకునేవారు. కొత్తకోడలిగా వచ్చినప్పుడు ఆ కుండ పని నాకే అప్పగించారు. పిండి సరిగ్గా పొంగని రోజున, "తిండెట్టకుండా పొంగమంటే అదెలా పొంగుతాదమ్మా?" అనేవారు. బడిలో పిల్లలకు సూక్ష్మజీవుల పాఠం చెప్పిన ప్రతిసారీ నేను ఈ మాటతోనే మొదలుపెట్టేదాన్ని. పిండిలో ప్రాణం ఉందని, ఆ ప్రాణానికి ఆకలి ఉందని తెలిస్తే మిగతా పాఠం సులువుగా ఎక్కుతుంది.

పొంగించేది ఎవరు?

1965లో అమెరికాలోని ఒక సూక్ష్మజీవశాస్త్ర పత్రికలో ఇడ్లీపిండి మీద పరిశోధన వ్యాసం వచ్చింది. దాన్ని రాసినవారు ముఖర్జీ, ఆల్బరీ, పెడర్సన్, వాన్ వీన్, స్టెయిన్‌క్రాస్. ఇడ్లీపిండిని పొంగించడంలో ముఖ్యపాత్ర ల్యూకోనోస్టాక్ మెసెంటిరాయిడ్స్ అనే బ్యాక్టీరియాదని వాళ్లు తేల్చారు. అది ఎక్కడినుంచో తెచ్చి వేసేది కాదు. మినుముల మీద, బియ్యపు గింజల మీద ముందే ఉంటుంది. నానబెట్టి రుబ్బగానే దానికి నీరూ తిండీ దొరుకుతాయి, ఇక పెరగడం మొదలుపెడుతుంది. పిండిలోని చక్కెరలను తిని లాక్టిక్ ఆమ్లాన్ని, కార్బన్ డయాక్సైడ్ వాయువును వదులుతుంది. పులుపు ఆ ఆమ్లం వల్ల, పొంగు ఆ వాయువు వల్ల. పులుపు పెరిగేకొద్దీ దాన్ని తట్టుకోగల వేరే బ్యాక్టీరియాలు రంగంలోకి దిగుతాయి. ఈస్టులు కూడా వచ్చి చేరవచ్చు గానీ, ఇడ్లీపిండి పొంగడానికి వాటి అవసరం తప్పనిసరి కాదు.

వాయువు పుడితే సరిపోదు, అది పిండిలో నిలవాలి కదా. ఆ పని మినప్పప్పుది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో సుశీలమ్మ, రావు అనే శాస్త్రవేత్తలు 1970ల్లో దీన్ని పరిశోధించారు. మినుములోని ఒకరకం పిండిజిగురు, కొన్ని ప్రోటీన్లు కలిసి బుడగల్ని పట్టి ఉంచుతాయని చూపారు. గోధుమలో గ్లూటెన్ చేసే పనిని మన అట్లపిండిలో మినుము చేస్తుంది. మినప్పప్పు తగ్గించి రుబ్బితే అట్టు ఎందుకు గట్టిపడుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

చోడినే ఎందుకు ఎంచుకున్నాను

రాగుల్ని మా శ్రీకాకుళం వైపు చోళ్లు అంటాం. బియ్యానికి మిల్లులో పాలిష్ పట్టేసరికి పైపొర పోతుంది, దానితోపాటు పొర మీది సూక్ష్మజీవులు చాలావరకు పోతాయి. చోడి గింజ మరీ చిన్నది, పొర గింజను గట్టిగా అంటుకుని ఉంటుంది. కాబట్టి పొరతో సహా పిండి పట్టిస్తాం. పిండిమరలో తాజాగా పట్టించిన చోడిపిండిలో తోడుకు కావలసిన జీవులూ ఉంటాయి, వాటి తిండీ ఉంటుంది.

చోడి పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా ఎత్తుభూములు. అక్కడి ఇథియోపియాలో ఇంజెరా అనే పెద్ద పుల్లట్టు రోజువారీ భోజనం. చోడికి దగ్గరి చుట్టమైన టెఫ్ అనే సన్నగింజ పిండిని పులియబెట్టి దాన్ని పోస్తారు. పాతపిండి మీద తేరిన పసుపుపచ్చని నీళ్లను దాచి, కొత్తపిండికి తోడు వేస్తారు. ఆ నీళ్లను ఎర్షో అంటారు. ఇంజెరా ఒకవైపే కాలుతుంది, పైన ముఖమంతా కళ్లుకళ్లుగా విచ్చుకుంటుంది. మా చోడి పుల్లట్టు కూడా అలాగే వస్తుంది.

పోషకాల మాటకొస్తే, వంద గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. బియ్యంలో పది మిల్లీగ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అయితే చోడిలో ఫైటిక్ ఆమ్లం కూడా ఉంటుంది, అది ఇనుము, కాల్షియం వంటివాటిని పట్టేసి ఒంటికి అందనివ్వదు. పులియబెడితే ఆ ఫైటిక్ ఆమ్లం కొంత విరిగిపోతుంది. తల్లులు, ఎదిగే ఆడపిల్లలు ఉన్న ఇంట్లో పులిసిన చోడి అట్టుకు నేను పెద్దపీట వేసేది ఇందుకే.

తోడుపిండి చేసే తీరు

అరలీటరు పట్టే గాజుసీసా గానీ చిన్న జాడీ గానీ తీసుకోండి. వేడినీళ్లతో కడిగి ఆరబెట్టండి. పావుగ్లాసు చోడిపిండి, అంతే నీళ్లు పోసి ఉండలు లేకుండా కలపండి. గరిటజారుకన్నా కాస్త గట్టిగా ఉండాలి. ఉప్పు వద్దు. మూత బిగించకుండా ఆనించండి, లేదా పల్చటి గుడ్డ కట్టండి. చీమలు రాకుండా నీళ్లపళ్లెంలో పెట్టడం మరవకండి.

నీళ్ల విషయంలో ఒక జాగ్రత్త ఉంది. హిరమండలం జలాశయం నుంచి ఇప్పుడు మా జిల్లాలోని ఉద్దానం ప్రాంతపు ఊళ్లకు కుళాయినీళ్లు వస్తున్నాయి. కుళాయినీళ్లలో కలిపే క్లోరిన్ హానిచేసే క్రిముల్ని చంపడానికి, కానీ అది మన తోడును కూడా నెమ్మది చేస్తుంది. నీళ్లు కాచి చల్లార్చి వాడితే ఆ బెడద ఉండదు.

రెండోరోజుకే బుడగలు కనిపించవచ్చు. చూసి సంబరపడి వాడేయకండి. మొదటి రెండు రోజులు పెరిగేవాటిలో పనికిరానివి కూడా ఉంటాయి, వాసన అంత బాగుండదు. సగం తీసి మొక్క మొదట్లో పోసి, మిగిలినదానికి మళ్లీ పావుగ్లాసు పిండి, పావుగ్లాసు నీళ్లు కలపండి. రోజూ ఒకే వేళకు ఇలాగే చెయ్యండి. మూడోరోజు బుడగలు తగ్గి చప్పబడితే కంగారు వద్దు. పులుపు పెరిగి, దాన్ని తట్టుకోలేనివి వెనక్కి తగ్గాయని దానర్థం. నాలుగు, ఐదు రోజులకు వాసన మారుతుంది. పుల్లమజ్జిగలా, కాస్త మగ్గిన పండులా ఉంటుంది. తినిపించిన నాలుగు నుంచి ఆరు గంటల్లో పైభాగం ఉబ్బి, బీటలు వారి, లోపల బుడగలు కనిపిస్తే తోడు తయారైనట్టు. చోడిలో గ్లూటెన్ లేదు కాబట్టి గోధుమపిండిలా రెట్టింపు ఎత్తుకు పొంగదు. ఎత్తును కాదు, బుడగల్నీ వాసననీ చూసి నిర్ణయించుకోండి.

ఇలా ఎదగడంలో పులుపే కాపలా. పీహెచ్ 4.5 లోపుకు దిగితే మనకు జబ్బుచేసే చాలా రకాల బ్యాక్టీరియా అందులో పెరగలేవు. తోడు పైన బూడిదరంగు నీళ్లు తేరితే అది ఆకలికి గుర్తు. వంచేసి తిండి పెట్టండి. బూజు కనిపించినా, గులాబీ, నారింజ, నలుపు రంగు చారలు కనిపించినా పైపైన తీసేసి మిగతాది వాడొద్దు. మొత్తం పారబోసి, సీసా మరిగే నీళ్లతో కడిగి మళ్లీ మొదలుపెట్టండి.

మా ఊరి దేవుడు ఎండల మల్లికార్జున స్వామి పైకప్పు లేకుండా ఆరుబయటే కొలువుంటాడు. వైశాఖంలో ఆ ఎండకు పిండి ఐదారు గంటల్లోనే పులిసిపోతుంది. కార్తీక సోమవారాలకు జనం గుడికి పోటెత్తేనాటికి చలి మొదలవుతుంది, అప్పుడు పదిపన్నెండు గంటలు పడుతుంది. అందుకని పుస్తకంలో రాసిన గంటల్ని నమ్ముకోకండి. మీ వంటింటి వేడిని బట్టే సాగండి.

పుల్లట్లు పోద్దాం

రెండు గ్లాసుల బియ్యం, అరగ్లాసు మినప్పప్పు, చెంచాడు మెంతులు ఐదారు గంటలు నానబెట్టి మెత్తగా రుబ్బండి. గ్లాసు చోడిపిండి, తిండి తిని చురుగ్గా ఉన్న తోడుపిండి అరగ్లాసు అందులో కలపండి. రాత్రి మూతపెట్టి ఉంచితే పొద్దునకు పొంగుతుంది. ఉప్పు పొద్దున్నే వెయ్యండి. ఉప్పు పులియడాన్ని నెమ్మది చేస్తుంది కాబట్టి ఎండాకాలం మాత్రం రాత్రే వేసినా మంచిదే.

పెనం ఇనుపదైతే మేలు. సగం కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి పెనానికి రుద్ది, నీటిచుక్క వేస్తే చుర్రుమని ఆరేంత వేడిలో పిండి పొయ్యండి. దోసెలా పల్చగా తిప్పకండి. గరిట అడుగుతో రెండుచుట్లు తిప్పి వదిలేస్తే చాలు. కళ్లు విచ్చుకున్నాక జీలకర్ర, తరిగిన పచ్చిమిర్చి చల్లి మూతపెట్టండి. తిరగెయ్యక్కర్లేదు. అట్లకాడతో అంచు లేపితే అట్టు తనంతట తానే వస్తుంది. కొబ్బరిపచ్చడితో గానీ ఎర్రకారంతో గానీ వేడిగా తినాలి.

పిల్లలకు తీపి అట్లు కావాలంటే అదే పిండిలో కొంత విడిగా తీసి, బెల్లంపొడి, పలాస జీడిపప్పు ముక్కలు కలిపి చిన్నచిన్నవిగా, మందంగా పొయ్యండి. విదేశాల వాళ్లు పోసే సోర్‌డో పాన్‌కేకులకు ఇవి సరిజోడు. వాళ్లు పోసేముందు చిటికెడు తినేసోడా కలుపుతారు. సోడా పిండిలోని ఆమ్లంతో కలిసి అప్పటికప్పుడు వాయువు పుట్టిస్తుంది, పులుపు తగ్గి అట్టు మెత్తబడుతుంది. పిండి మరీ పులిసిన రోజున ఆ చిటికెడు వేస్తే తప్పులేదు. రోజూ వేస్తే మాత్రం పులియబెట్టిన రుచే పోతుంది.

అట్టు పాలిపోయి ఎర్రబడకపోతే పిండిలోని చక్కెరలన్నీ బ్యాక్టీరియా తినేసిందని అర్థం. గుప్పెడు బియ్యప్పిండి కలిపి అరగంట ఉంచితే రంగు వస్తుంది.

కొబ్బరి మాత్రం తోడులో వద్దు

ఇది మా ఉద్దానం వాళ్లు తప్పక గుర్తుపెట్టుకోవలసిన మాట. ఇంటిచుట్టూ కొబ్బరిచెట్లే కాబట్టి కమ్మగా ఉంటుందని తురుమునో పాలనో తోడుపిండిలో, రాత్రంతా పులిసే పిండిలో కలపాలనిపించవచ్చు. దయచేసి కలపకండి.

జావాలో కొబ్బరిపిప్పిని పులియబెట్టి టెంపే బాంగ్‌క్రెక్ అనే వంటకం చేసుకునేవారు. అది తిని ఎందరో చనిపోయారు. బర్క్‌హోల్డేరియా జాతి బ్యాక్టీరియా ఒకటి కొబ్బరిలోని కొవ్వును ఆసరా చేసుకుని బాంగ్‌క్రెకిక్ ఆమ్లం అనే విషాన్ని తయారుచేస్తుంది. దానికి రంగు, రుచి, వాసన ఉండవు. ఉడికించినా, కాల్చినా పోదు. 1930ల్లో జావాలో మెర్టెన్స్‌తో కలిసి ఈ విషాన్ని పట్టుకున్న డచ్ శాస్త్రవేత్త వాన్ వీన్. ముప్పై ఏళ్ల తర్వాత ఇడ్లీపిండిని పొంగించేదేదో తేల్చిన బృందంలో ఉన్న వాన్ వీన్ కూడా ఆయనే. పులియబెట్టడంలో ఉన్న ప్రమాదాన్నీ, మేలునూ రెండింటినీ లోకానికి చూపినవారిలో ఆయన ఒకరు. 1988లో ఇండోనేషియా ఆ వంటకాన్ని నిషేధించింది.

ఇది పాతకాలపు సంగతి అనుకోకండి. 2020 అక్టోబరులో చైనాలోని హెయిలాంగ్‌జియాంగ్ రాష్ట్రంలో ఒకే కుటుంబపు విందులో తొమ్మిదిమంది ఇదే విషంతో పోయారు. ఇంట్లో మొక్కజొన్నపిండి పులియబెట్టి చేసి, ఏడాదిపాటు ఫ్రీజర్లో దాచిన సేమ్యా అది. కాబట్టి నేను పాటించే కట్టుబాట్లు ఇవి. కొబ్బరి ఎప్పుడైనా పోసే నిమిషంలోనే చల్లాలి, అదీ ఆ పూట కొట్టినదై ఉండాలి. బూజుపట్టిన, ముక్కవాసన వచ్చిన పిండితో తోడు మొదలుపెట్టకూడదు. తోడుకు తిండి మానేసి వారాల తరబడి గట్టు మీద వదిలెయ్యకూడదు. పుల్లటి వాసన లేకుండా పొంగిన పిండిని నోట పెట్టకూడదు.

మరో మాట. మా ప్రాంతంలో కిడ్నీ జబ్బు లేని ఊరు అరుదు. జబ్బున్నవాళ్లు చోడి, మినుము ఎంత తినవచ్చో డాక్టరునే అడగాలి. పులియబెట్టినందువల్ల భాస్వరం ఒంటికి ఇంకా ఎక్కువ పడుతుంది. మామూలువాళ్లకు అది మేలే గానీ, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు కీడు. ఎవరైనా పులిసిన చోడి కిడ్నీకి మందని చెబితే నమ్మకండి.

చేతిగుణం ఉత్తమాట కాదు

ఒకే బియ్యం, ఒకే పప్పు అయినా ఒక్కో ఇంటి అట్టు ఒక్కో రుచి ఎందుకుంటుంది? మా అత్తగారు అది చేతిగుణం అనేవారు. 2020లో ప్రచురితమైన ఒక పరిశోధనలో వేర్వేరు దేశాల రొట్టెల తయారీదార్లకు ఒకే రకం పిండి ఇచ్చి, ఎవరింట్లో వాళ్లను స్టార్టర్ చేయమన్నారు. తర్వాత అందరినీ బెల్జియంలోని సెయింట్ విత్ పట్టణంలో ఒకచోట చేర్చి, స్టార్టర్లనీ వాళ్ల చేతుల్నీ పరీక్షించారు. పిండి ఒకటే అయినా స్టార్టర్లు తేడాగా వచ్చాయి. పైగా వాళ్ల చేతుల మీద పిండిని పులియబెట్టే లాక్టిక్ బ్యాక్టీరియా మామూలు మనుషుల చేతుల మీద కన్నా ఎంతో ఎక్కువగా కనిపించింది. చెయ్యి పిండిని మారుస్తుంది, పిండి చేతిని మారుస్తుంది. శుభ్రంగా కడిగిన చేత్తో పిండి కలపమని పెద్దవాళ్లు పట్టుబట్టడంలో ఎంత అర్థం ఉందో ఈ పరిశోధన చదివాక నాకు మరింత బోధపడింది.

కష్టకాలంలో తోడు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటలు నేలకొరిగాయి. కరెంటు చాలా రోజులు రాలేదు. ఫ్రిజ్‌లో ఉన్నవి పాడయ్యాయి, మిక్సీలు, గ్రైండర్లు మూలపడ్డాయి. మా ఇంట్లో జాడీలోని తోడుపిండికి మాత్రం గుప్పెడు చోడిపిండి, కాసిన్ని కాచిన నీళ్లు చాలాయి. రుబ్బే పని లేకుండా చోడిపిండి, బియ్యప్పిండి కలిపి, తోడు వేసి, కట్టెలపొయ్యి మీద అట్లు పోసి పక్కిళ్ల పిల్లలకు కూడా పెట్టాం. ఆ రోజుల తర్వాతే ఇరుగుపొరుగు చాలామంది నా దగ్గర తోడు పట్టుకెళ్లారు.

రోజూ వాడేవాళ్లు రోజూ తినిపించాలి. వారానికోసారి పోసేవాళ్లు ఫ్రిజ్‌లో పెట్టి వారానికోసారి తినిపిస్తే సరిపోతుంది. పోసే ముందురోజు బయటికి తీసి తిండి పెట్టి లేపాలి. ఊరు దాటించాలంటే ఎండబెట్టండి. చురుగ్గా ఉన్న తోడును పళ్లెంలో పల్చగా పూసి, గుడ్డ కప్పి నీడపట్టున గాలికి ఆరనిస్తే పెళుసుగా రేకులు లేస్తుంది. పొడిచేసి తడి తగలని డబ్బాలో దాచుకోవచ్చు. మళ్లీ నీళ్లు, పిండి కలిపి రెండుమూడు రోజులు తినిపిస్తే లేచి కూర్చుంటుంది. 1896లో కెనడాలో మొదలైన క్లాండైక్ బంగారు వేటకు వెళ్లిన వాళ్లు స్టార్టర్‌ను ఎంత అపురూపంగా మోసుకెళ్లారంటే, అలాస్కాలో పాతకాపులకు సోర్‌డో అన్న పేరే స్థిరపడింది. మా శ్రీకాకుళం జనం పనికోసం హైదరాబాద్, చెన్నై, పోర్ట్ బ్లెయిర్ దాకా వెళ్తారు. వాళ్ల సంచుల్లో జీడిపప్పు పొట్లం పక్కన ఈ పొడి చిన్న డబ్బాలో పెట్టి పంపడం నాకు అలవాటైంది.

ఈ ఆదివారం పావుగ్లాసు చోడిపిండితో మొదలుపెట్టండి. ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలుంటే తిండి పెట్టే పని వాళ్లకే అప్పగించి, వాసన, బుడగలు రోజూ నోటుబుక్కులో రాయించండి. వచ్చే ఆదివారానికి మొదటి పుల్లట్లు పోసుకుంటారు. తోడులో సగం పక్కింటికివ్వండి. మీది ఎప్పుడైనా పాడైతే తిరిగి తెచ్చుకోవడానికి ఒక ఇల్లు ఉంటుంది.